కుడి చెవి పాటలు

ముందుగా ఒక మాట. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. ఒత్తు ఉండాల్సిన చోట లేకపోవచ్చు, లేకపోవాల్సిన చోట ఉండొచ్చు. రోజుకి అర పేజీ మించి నా చెయ్యి సాగదు. ఈ కథకి ఒక వానాకాలమంతా పట్టింది. చదివేవాళ్ళు తప్పులు సర్దుకుని చదవాలి.

సోమవారం పొద్దున అచ్చు షాపులో పొడవు బల్ల దగ్గర ఆమె ఒక్కతే నిలబడింది.

బల్ల గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉంటుంది. దాని మీద వరసగా పన్నెండు గుట్టలు. అచ్చయిన పెద్ద కాగితాన్ని మడతలు పెడితే పదహారు పేజీల ఫారం అవుతుంది. పన్నెండు ఫారాలు వరసలో చేరితే ఒక పుస్తకం. బల్ల వెంట నడుస్తూ గుట్టకొకటి తీసుకుంటూ పోవడమే పని. దాన్ని ఏరడం అంటారు. పదకొండేళ్ళుగా ఆ బల్ల మీద ఇద్దరు ఏరారు. ఎడమ పక్క వదిన, కుడి పక్క ఆమె. బేసి గుట్టలు వదినవి, సరి గుట్టలు ఆమెవి. వదిన ఒకటోది తీస్తే ఆమె రెండోది దాని కింద చేర్చేది. బల్ల చివరికి వచ్చేసరికి నాలుగు చేతుల మధ్య ఒక పుస్తకం తయారై ఉండేది.

వదిన అంటే చుట్టరికం ఏమీ లేదు. చేరిన మొదటి రోజే ఒకరి కాలు ఒకరు తొక్కి, “చూసుకో వదినా” అంటే “నువ్వే చూసుకో వదినా” అనుకున్నారు. అదే నిలిచిపోయింది.

ఇద్దరికీ కలిపి ఒకటే ఇయర్‌ఫోన్ తీగ. ఎడమది వదిన ఎడమ చెవికి, కుడిది ఆమె కుడి చెవికి. లోపలి చెవులు ఒకరి మాట ఒకరు వినడానికి వదిలేసేవారు. తీగ చాలక భుజాలు రాసుకుంటూ నడిచేవారు. ఒకరు తుమ్మితే ఇద్దరి చెవుల్లోనూ పాట ఊడిపడేది.

ఆ తీగలో ఎక్కువగా మోగింది ఒక జంట గొంతు. ఇద్దరు ఆడవాళ్ళు పదిహేనేళ్ళు కలిసి పాడారు. రికార్డింగులో ఒకామెను ఎడమ వైపు, ఇంకొకామెను కుడి వైపు పెట్టేవారు. అందువల్ల వదిన చెవిలో అసలు పాట పాడే ఆమె ఉండేది. ఈమె చెవిలో కింది స్థాయిలో తోడు పాడే ఆమె ఉండేది. అవతలామె గొంతు ఇవతలి చెవిలోకి మరీ సన్నగానో మరీ దూరంగానో వచ్చేది, పక్కింటి మాటల్లాగా. “మా ఎడమామె”, “మీ కుడామె” అని ఇద్దరూ వియ్యపురాళ్ళలా కీచులాడుకునేవారు.

“మీ కుడామె ఇవాళ పనిలోకి వచ్చిందా, సెలవు పెట్టిందా?”

“మీ ఆమె కేకల్లో మా ఆమె ఎక్కడ వినబడుతుందిలే.”

ఆ జంట రెండేళ్ళ కిందట విడిపోయింది. కుడామె మొట్టమొదటిసారి ఒంటరిగా పాడిన ఆల్బమ్ ఆ సోమవారమే వచ్చింది. తొమ్మిది పాటలు. ఇంట్లో భర్త తెల్లవారకముందే లేచి వాటిని ఆమె ఫోన్‌లోకి ఎక్కించి, ఆప్రాన్ జేబులో పెట్టి పంపాడు.

ఆమె అలవాటు కొద్దీ కుడిది మాత్రమే చెవిలో పెట్టుకుంది. ఎడమది నడుస్తుంటే ఆప్రాన్ గుండీకి తగులుతూ వేళ్ళాడింది.

మొదటి పాట మొదలైంది. వయొలిన్ కాసేపు సాగి, గొంతు వచ్చింది. అదే గొంతు. పల్లవి చివర కాస్త గరుకు, ఊపిరి తీసుకునే ముందు చిన్న విరామం. ఆమె ఒకటో గుట్ట తీసింది, రెండో గుట్ట తీసింది. రెండేళ్ళ నుంచి కుడామె ఒంటరిగా ఎప్పుడు పాడుతుందా అని ఎదురుచూసింది. రెండో పాట వచ్చింది, అయిపోయింది. మూడోది నడుస్తుండగా ఫోర్‌మన్ వచ్చి ఏదో అంటే ఇయర్‌ఫోన్ తీసింది. తీయడం కష్టమనిపించలేదు.

“శుక్రవారం యజమాని గారు వస్తారు చెల్లెమ్మా. కొత్తమ్మాయిని పనిలోకి తీసుకునే కాగితం మీద సంతకం పెడతారు. ఆ పిల్ల శనివారం నుంచి నీ పక్కన ఉంటుంది. అంతదాకా నువ్వొక్కదానివే లాగాలి.”

“సరే సార్.”

“నీ చెయ్యి ఉంటే నాకు బెంగ లేదు.”

కాగితం మీద సంతకం పడేదాకా వదిన చోటు వదినదే. ఆ సంగతి ఆమెకు అర్థమైంది. శుక్రవారం దాకా టైము ఉంది. నోరు తెరవడానికి.

ఎందుకంటే మొన్న శనివారం పనిలోంచి బయటికి పోవలసింది ఆమె. పోయింది వదిన.

పది రోజుల కిందట వదిన పన్ను పీకించుకోవడానికి రెండు గంటలు సెలవడిగి వెళ్ళింది. ఆ రెండు గంటలూ ఆమె ఒక్కతే ఏరింది. మధ్యలో ఏడో గుట్ట అయిపోయింది. అది వదిన గుట్ట. సరి ఫారాలైతే ఆమె వేళ్ళకు తెలుసు. నాలుగో దాని మీద కప్ప బొమ్మ, ఆరో దాని మీద గిలక, ఎనిమిదో దాని మీద గుండెకాయ. పిల్లల సైన్సు పుస్తకం అది. బేసి ఫారాలతో ఆమెకు పదకొండేళ్ళలో ముఖపరిచయం లేదు. మూల ఉన్న దొంతరల్లోంచి ఒకటి ఎత్తుకొచ్చి ఏడో చోట పెట్టింది. అది ఐదో ఫారం. కుట్టడానికి పంపే ముందు పుస్తకం వీపు చూడాలి. ఒక్కో ఫారం మడత మీద ఒక నల్ల గీత ఉంటుంది. అన్నీ వరసలో ఉంటే ఆ గీతలు మెట్లలా దిగుతాయి. ఒక మెట్టు తప్పితే కంటికి తెలిసిపోతుంది. మెట్లు చూడడం వదిన పని. ఆ పూట కుడామె ఆల్బమ్‌లోంచి ముందుగా వదిలిన పాట ఒకటి ఆమె చెవిలో మోగుతోంది. కళ్ళు మూసుకుని కూడా ఏరగలనని తనలో తాను నవ్వుకున్న గుర్తు. అక్కణ్ణుంచి ఇరవయ్యేసి పుస్తకాలతో పన్నెండు కట్టలు కట్టింది. వదిన వాచిన బుగ్గతో తిరిగొచ్చి, కట్టల మీది చీటీలన్నిటి మీదా ఎప్పటిలాగే తన పేరు రాసి సంతకం పెట్టింది. ఆమెకు రాయడం రాదు. పదకొండేళ్ళుగా ఇద్దరి చీటీలూ వదినే రాసేది. కుట్టొచ్చాక పుస్తకాలను అవే చీటీలతో మళ్ళీ కట్టలు కట్టింది కూడా ఆమే.

మొన్న శనివారం ఆ రెండు వందల నలభై పుస్తకాలు ఒక బడి నుంచి తిరిగొచ్చాయి. ఫోర్‌మన్ చీటీ ఎత్తి చూపించాడు.

“ఈ సంతకం ఎవరిది?”

“నాదే” అంది వదిన. అని, ఒక ఊపిరి తీసుకునేంత సేపు ఆమె వైపు చూసింది.

ఆమె జిగురు డబ్బా వైపు చూస్తూ నిలబడింది. జిగురు మీద పొర కట్టి ఉంది. దాని మీద ఒక ఈగ నడుస్తోంది. “సోమవారం నుంచి రావద్దు” అన్నాడు ఫోర్‌మన్. వదిన టిఫిన్ డబ్బా తీసుకుని, ఆప్రాన్ మడిచి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఇయర్‌ఫోన్‌లో తన వైపుది చెవిలోంచి తీసి ఆమె భుజం మీద వేసి మరీ వెళ్ళింది.

“ఎట్లా ఉంది మీ కుడామె పాట?” అన్నాడు భర్త సోమవారం సాయంత్రం. అదే షాపులో అచ్చు మిషను మీద పనిచేసి మోకాళ్ళు పోయాక ఇంట్లో గొడుగులు బాగుచేస్తూ కూర్చుంటాడు.

“ఉంది.”

“ఉందంటే?”

“వినబడుతోంది.”

అతను గొడుగు పుల్ల వంచుతూ ఆగాడు. “ఈ ఆల్బమ్ కోసం నన్ను రెండేళ్ళు కాల్చుకు తిన్నావు. వినబడుతోందంటే సరిపోయిందా? మీ వదిన ఏమంది?”

“ఆవిడ రాలేదు. ఒంట్లో బాగాలేదంట.”

“పన్ను మళ్ళీ వాచిందా?”

“అయ్యుంటుంది.”

అన్నం తిన్నాక ఆమె గిన్నెలు కడిగింది. కడిగిన గిన్నెలు మళ్ళీ కడిగింది.

మంగళవారం ఆమె రెండూ చెవుల్లో పెట్టుకుంది. ఎడమ చెవికి పాట కొత్త. అక్కడ కూడా కుడామే ఉంది. తన గొంతుకు తానే తోడు పాడుకుంది. ఒకే మనిషి రెండు వైపులా నిలబడి మాట్లాడుతున్నట్టుంది. ఎడమ వైపు వచ్చే గొంతును ఆమె నమ్మలేకపోయింది. అది అక్కడ ఉండాల్సిన మనిషి కాదు. తీసేస్తే పాట ఒరిగిపోయినట్టు ఉంది, పెడితే గది ఇరుకైనట్టు ఉంది. పెడుతూ తీస్తూ మధ్యాహ్నం దాకా గడిపింది. పని మాత్రం సాగింది. ప్రతి పుస్తకానికీ వీపు తిప్పి మెట్లు చూసింది. ఒకటి, రెండు, మూడు, పన్నెండు దాకా వేలు దింపుతూ వచ్చింది. వదిన ఇదంతా ఒక్క చూపులో చూసేది. ఆమెకు పుస్తకానికి పది నిమిషాలు పట్టినట్టు అనిపించింది.

నాలుగో పాటలో కుడామె చాలా పైకి వెళ్ళింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఎక్కని ఎత్తు. అందుకుంది కూడా. ఇంకెప్పుడైనా అయితే ఆమె నడక ఆపేసి, వదిన మోచెయ్యి పొడిచి, విన్నావా అనేది. ఆ ఎత్తు వచ్చింది, దిగిపోయింది. ఆమె ఎనిమిదో గుట్ట సర్దింది.

ఐదో పాటలో వాద్యాలే లేవు. మధ్యలో దూరంగా ఒక తలుపు వేసిన చప్పుడు. తీసెయ్యకుండా వదిలేశారు. ఆ తలుపు ఆమెకు గుర్తుండిపోయింది, పాట గుర్తులేదు.

ఆరో పాట బుధవారం పొద్దున వచ్చింది.

అది పాత పాట. జంటగా పాడినదే. లక్షసార్లు వినుంటారు ఇద్దరూ. కుడామె దాన్ని మళ్ళీ పాడింది. అయితే అసలు పాట పాడలేదు. అప్పట్లో తాను తోడుగా పాడిన కింది వరస మాత్రమే, ఉన్నది ఉన్నట్టుగా, మొదటి నుంచి చివరి దాకా పాడింది. ఎడమామె చోట ఏమీ పెట్టలేదు. వయొలిన్ కూడా పెట్టలేదు. ఎడమామె ఒక్కతే పాడే చరణంలో కుడామె నోరు మూసుకుని ఊరుకుంది. అంతసేపూ తబలా ఒక్కటే నడిచింది. తర్వాత తన వంతు రాగానే మళ్ళీ అందుకుంది.

ఇలా ఈ పాట విన్న మనిషి లోకంలో తానొక్కతే అయ్యుంటుంది. పదకొండేళ్ళు ఆమె కుడి చెవిలో పడింది ఇదే. ఎగిరి గంతెయ్యాల్సిన మాట. ఆమె బల్ల మధ్యలో, ఏడో గుట్ట ముందర, చెయ్యి చాపి నిలబడిపోయింది. తబలా నడుస్తోంది. ఆమెకు తెలియకుండానే లోపల ఎడమామె పాడాల్సిన మాటలు వరసగా వస్తున్నాయి. అవి ఆమె ఎప్పుడూ నేర్చుకోలేదు. పక్క నుంచి వదిన కూనిరాగం తీస్తుంటే లోపలి చెవిలో పడి ఉండిపోయినవి.

“ఏం చెల్లెమ్మా, కాళ్ళు నొప్పా?” అన్నాడు ఫోర్‌మన్ అటు పోతూ.

“లేదు సార్.”

చెయ్యి చాపి ఏడో ఫారం తీసింది.

ఆ సాయంత్రం పని దిగగానే ఇంటికి పోకుండా వదిన వాళ్ళ వీధికి వెళ్ళింది. వదిన గుమ్మంలో పీట వేసుకుని, పక్కింటి పిల్లల పుస్తకాలకు అట్టలు వేస్తోంది. బుగ్గ వాపు తగ్గిపోయింది.

“ఏంటి వదినా, దారి తప్పావా?” అంది తలెత్తకుండా.

“ఆల్బమ్ విన్నావా?”

“సోమవారమే విన్నా. మా కోడలి ఫోన్‌లో. రెండు చెవులకీ.”

“ఎట్లా ఉంది?”

వదిన అట్ట అంచు గోరుతో గీసి మడిచింది. “నాకు మీ కుడామె ఇన్నేళ్ళూ సరిగా వినబడనే లేదు. మా ఎడమామె ఒక్క గుక్కలో అంత పొడవు పాడుతుందని మురిసిపోయేదాన్ని కదా. ఇప్పుడు ఆ ఆరో పాట విన్నాక తెలిసింది. మా ఆమె మధ్యలో గాలి తీసుకునేది. అప్పుడు మీ ఆమె నిలబడి పట్టుకునేది. నాకు అతుకు కనబడలేదంతే.” పుస్తకం తిప్పింది. “నీకు పండగలా ఉండుంటుంది.”

“నాకేమీ అనిపించలేదు వదినా.”

“ఏ పాటా?”

“ఏదీ.”

వదిన జిగురు వేలిని గుడ్డకు తుడుచుకుంది.

“ఆ పన్నెండు కట్టలూ నేను కట్టినవి” అంది ఆమె.

“తెలుసు.”

“ఏడో గుట్ట అయిపోతే నేనే...”

“తెలుసు వదినా. నువ్వు తాడు రెండు చుట్లు తిప్పి ముడేస్తావు. నేను ఒకటే తిప్పుతా. తిరిగొచ్చిన కట్టలు చూడగానే తెలిసింది.”

“మరి చెప్పలేదేం?”

“సంతకం నాదేగా. మెట్లు చూడకుండా పెట్టాను, పన్ను సలుపుతోందని. అది నా తప్పు. మిగతాది నువ్వు చెప్తావని నీ వైపు చూశాను. నువ్వు జిగురు డబ్బా వైపు చూశావు.”

వీధిలో ఎవరో సైకిలుకు గాలి కొట్టుకుంటున్నారు.

“శుక్రవారం యజమాని ముందర చెప్తాను.”

“నా కోసమైతే చెప్పకు. నాకు ఆ రుణం మొయ్యడం ఇష్టం లేదు. నీ కోసమైతే నీ ఇష్టం.” వదిన ఇంకో పుస్తకం అందుకుంది. “పొద్దుపోతోంది, వెళ్ళు. అన్నయ్య ఎదురుచూస్తుంటాడు.”

లోపలికి రమ్మనలేదు. మంచినీళ్ళు తాగుతావా అని అడగలేదు. ఆమె చెప్పులు వేసుకుంది.

గురువారం ఆమె పాటలు పెట్టలేదు.

శుక్రవారం పదకొండు గంటలకు యజమాని వచ్చాడు. మెత్తగా మాట్లాడే పెద్దమనిషి, చేతి గడియారం ఊరికే చూసుకుంటూ ఉంటాడు. ఆయన రాకముందే, ఫోర్‌మన్ గదిలో ఒక్కడే ఉన్నప్పుడు ఆమె వెళ్ళి చెప్పింది. ముందుగా ఫోర్‌మన్‌కు చెప్పడం మర్యాద అనుకుంది.

“సార్, ఆ తప్పు కట్టలు ఆవిడవి కావు. నావి.”

ఫోర్‌మన్ నవ్వాడు. కోపం లేని నవ్వు. “నాకు తెలియదా? నీ రెండు చుట్ల ముడి ఎన్నేళ్ళ నుంచి చూస్తున్నాను.”

“మరి ఆవిడను...”

“చూడు చెల్లెమ్మా. ఆవిడకి చదువొచ్చు. చేతులు తెగకుండా కటింగ్ మిషనుకి కంచె పెట్టమని పై ఆఫీసుకి ఉత్తరం రాసింది. కూర్చోడానికి స్టూళ్ళు కావాలని ఇంకోటి రాసింది. చెయ్యి నీదీ మంచిదే, ఆవిడదీ మంచిదే. కానీ నీతో నాకు ఏ గొడవా లేదు. ఒక మాట అనవు. నిన్ను కాపాడుకున్నాను అనుకో. వెళ్ళు, పని చూసుకో.”

నిజంగానే ఆప్యాయంగా అన్నాడు. ఆమె బల్ల దగ్గరికి వచ్చి ఒకటో గుట్ట ముందర నిలబడింది. చేతులు రెండూ బల్ల మీద పెట్టుకుని వాటి వైపు చూసింది. వేళ్ళ చివర్లు కాగితం రాపిడికి నున్నగా అయిపోయి ఉన్నాయి.

యజమాని గది చూసుకుంటూ వచ్చాడు. ఫోర్‌మన్ చేతిలో కొత్తమ్మాయి కాగితం ఉంది. యజమాని కలం మూత తీశాడు.

“అయ్యా, ఒక మాట. బడి నుంచి తిరిగొచ్చిన పుస్తకాలు నేను పాడుచేసినవి” అంది ఆమె. “ఆవిడ కాదు.”

యజమాని కలం పట్టుకునే ఆగాడు. ఫోర్‌మన్ కంగారుపడలేదు.

“స్నేహం అండీ, అందుకని నెత్తిన వేసుకుంటోంది. పాపం ఈమెకి చదువు రాదు. ఏ ఫారం ఏదో, ఏం చేసిందో ఈమెకే తెలియదు.”

“అదా” అన్నాడు యజమాని. గడియారం చూసుకున్నాడు.

ఆమె వెళ్ళి గోడవార పడేసిన తప్పు పుస్తకాల్లోంచి ఒకటి తెచ్చింది. ఇంకా కుట్టు గట్టిగా ఉంది. దారం మధ్యలో గోరు దూర్చి తెంపింది. ఒక్కో ఫారం విడదీసి బల్ల మీద వరసగా పరిచింది. తొందరపడలేదు. ఆయన మూడోసారి గడియారం చూసుకునే లోపల పన్నెండూ పరచడం అయింది.

“ఇది నాలుగు, కప్ప. ఇది ఐదు. ఇది ఆరు, గిలక.” ఒక్కోదాని మీద అరచెయ్యి పెట్టి చెప్పింది. “ఇక్కడ ఏడు ఉండాలి. ఇది మళ్ళీ ఐదే. చూడండి, మడత మీద గీత రెండింటికీ ఒకే చోట ఉంది. ఏడోది నా గుట్ట కాదు, ఆవిడది. ఆ పూట ఆవిడ లేదు. అయిపోతే ఆ మూల నుంచి నేనే తెచ్చి పెట్టాను. చూసుకోలేదు. చెవిలో పాట పెట్టుకుని నడిచాను. నాకు చదవడం రాదు అయ్యా. నేనేం చేశానో నాకు తెలుసు.”

ఇంత పొడవు మాట ఆ షాపులో ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. కుట్టు మిషన్ల దగ్గరివాళ్ళు తలలు తిప్పారు. యజమాని రెండు ఐదో ఫారాలూ ఎత్తి, వీపులు పక్కపక్కన పెట్టి చూశాడు. తర్వాత ఫోర్‌మన్ వైపు చూశాడు.

“మీకు తెలుసా ఇది?”

ఫోర్‌మన్ కొత్తమ్మాయి కాగితం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

యజమాని కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. “సోమవారం మాట్లాడదాం” అన్నాడు ఫోర్‌మన్‌తో. ఆమెతో, “నువ్వూ సోమవారం దాకా రావద్దు” అన్నాడు. కోపంగా అనలేదు, మెచ్చుకున్నట్టూ అనలేదు.

ఆమె విడదీసిన ఫారాలు మళ్ళీ ఒకదాని మీద ఒకటి సర్దింది, ఉన్న వరసలోనే. ఆప్రాన్ విప్పింది. జేబులోంచి ఫోను తీసుకుని బయటికి వచ్చింది.

పట్టపగలు ఆ వీధి ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. బస్సు స్టాపులో బెంచీ ఎండకు కాలుతోంది. ఎక్కాల్సిన బస్సు వచ్చి వెళ్ళింది, ఆమె లేవలేదు. ఆల్బమ్‌లో తొమ్మిదో పాట ఇంకా వినలేదు. రెండూ చెవుల్లో పెట్టుకుని మొదలుపెట్టింది.

పెద్ద పాట. వెనకాల ఇరవై వయొలిన్లు, గంటలు, కోరస్. కుడామె వాటన్నిటి మధ్య నిలబడి పెళ్ళిపందిట్లో తప్పిపోయిన పిల్లలా పాడుతోంది. రెండో చరణంలో లాగకూడని చోట లాగింది. ఆమె మొహం చిట్లించింది. ఏం పాట ఇది, అనుకుంది. ఈ హంగులన్నీ ఎందుకు? నీకు అక్కర్లేదే. ఐదో పాటలో తలుపు చప్పుడు ఒక్కదానితో సరిపెట్టినదానివి, ఆఖర్న ఈ మేళం ఎవరు పెట్టమన్నారు? పాట అయ్యేసరికి ఆమెకు ఒళ్ళు మండుతోంది. పక్కనున్న ముసలాయన ఆమె వైపు చూసి కొంచెం జరిగి కూర్చున్నాడు.

తర్వాతి బస్సు ఎక్కి వదిన వాళ్ళ వీధి దగ్గర దిగింది.

వదిన తలుపు తీసి గడప లోపలే నిలబడింది. ఈ వేళప్పుడు ఆమెను చూసి ఏమైందో సగం అర్థమై ఉంటుంది.

“చెప్పాను” అంది ఆమె.

“ఏమన్నారు?”

“సోమవారం మాట్లాడదాం అన్నారు.”

“నీ సంగతి?”

“నాదీ సోమవారమే.”

వదిన తల ఊపింది. తలుపు రెక్క పట్టుకున్న చెయ్యి అలాగే ఉంది.

“ఆఖరి పాట ఏం బాగాలేదు” అంది ఆమె.

“ఏది, తొమ్మిదోదా?”

“అదే. చెత్తగా ఉంది.”

“నీ చెవులకేమైంది వదినా? మొత్తంలో పాట అంటే అదొక్కటే. మిగతావన్నీ గొణుగుడు.”

“ఆ మేళం గొడవలో గొంతెక్కడుంది?”

“అంత మేళంలోనూ నిలబడింది చూడు, అదీ గొంతంటే. ఇన్నాళ్ళకి నోరు విప్పి పాడింది, నీకు నచ్చలేదు.”

“రెండో చరణంలో లాగింది విన్నావా? అక్కడ లాగకూడదు.”

“లాగనీ. ఇన్నేళ్ళు ఎవరు లాగనిచ్చారు?”

“లాగితే లాగింది, శ్రుతిలో లాగాలి కదా.”

“శ్రుతి నాకు నేర్పుతావా నువ్వు?”

గడపకు అటు ఒకరూ ఇటు ఒకరూ నిలబడి ఆ పాట మీద చాలాసేపు పోట్లాడుకున్నారు. ఎండ గోడ మీద నుంచి మెట్ల మీదికి దిగింది. వదిన ఆమెను లోపలికి రమ్మనలేదు. తలుపూ వెయ్యలేదు.

రాసింది: అందరూ ఫారాల వదిన అని పిలిచే మనిషి. వయసు అరవై మూడు. ఆయన పోయాక చెల్లెలి కొడుకు ఇంట్లో, మేడ మీద వీధి వైపు గదిలో ఉంటున్నాను.